అటుపక్క గుమ్మం

మా స్టేషను పేరు రాయను. పొందూరుకీ చీపురుపల్లికీ మధ్య, పాసింజరు రెండు నిమిషాలు మాత్రం ఆగే చిన్న స్టేషను అనుకోండి, చాలు. పేరు రాశానంటే ఆ ఊరివాళ్లు "మా సూరయ్య సంగతి నువ్వు రాసేదేటి, మాకు తెల్దా" అని పోట్లాటకొస్తారు. తెలుసు, కాదనను. కానీ బతికున్నన్నాళ్లూ ఆయన్ని పిచ్చిసూరయ్య అని పిలిచింది కూడా వాళ్లే. మొదట్లో నేనూ అన్నాను లెండి, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నాకు చూపు లేదు. నాలుగో ఏట అమ్మవారు పోసి, పోతూపోతూ రెండు కళ్లూ తీసుకుపోయింది. కథ సగం అయ్యాక ఈ సంగతి తెలిసి "అయ్యో పాపం" అనేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఆ పాపమేదో ఇప్పుడే అనేసుకుంటే మిగతాది సుఖంగా చదువుకోవచ్చు.

సూరయ్యది ప్లాట్‌ఫారం మీద టీకొట్టు. పొద్దున విజయనగరం వైపు వెళ్లే పాసింజరుకీ, సాయంత్రం తిరిగొచ్చే పాసింజరుకీ కిటికీల వెంట నడుస్తూ టీ అందించేవాడు. మిగతా రోజంతా బోగీలు చేసేవాడు. అవును, రైలు బోగీలే, బొమ్మవి. బిస్కెట్ల డబ్బా రేకుతో గోడలు, టీపెట్టె చెక్కతో బల్లలు, సైకిలు ఊచలతో కిటికీ కడ్డీలు, దారం అయిపోగా మిగిలిన చెక్కరీళ్లతో చక్రాలు. రేకుకి రేకు అతికించడానికి మాటు వేసే ఇనుము టీ పొయ్యిలోనే కాలేది. అందుకే సూరయ్య టీకి మాటువాసన వస్తుందని జనం వెక్కిరించేవారు. వెక్కిరిస్తూనే తాగేవారు.

ఈ పిచ్చి ఎలా పట్టుకుందో ఆయనే చెప్పాడు. వాల్తేరులో ఒక దొరగారింట్లో వంట చేసిన మేనమామ, ఆ దొర సీమకి వెళ్లిపోతూ పారేసిన రేకు బోగీ ఒకటి తెచ్చి ఇచ్చాడట. సీమలో తయారైన ఆటబొమ్మ. ఇంటిల్లిపాదీ ముచ్చటపడ్డారు. సూరయ్యకి మాత్రం నెల్లాళ్లు మనసు మనసులో లేదు.

"కిటికీలకి కడ్డీలు నేవమ్మా. తలుపులు బయటికి తెరుసుకుంటన్నాయి. మన రైలు తలుపు లోపలికి కదా తెరుసుకుంటాది. లోపల సూత్తే మెత్తలు. నాను పుట్టినకాడ్నించి మెత్త మీద కూకుని ఎల్లినోడ్ని ఎరగను" అనేవాడు.

ఆఖరికి పట్టకారు తీసుకుని, ఆ సీమబోగీకి కడ్డీలు పెట్టి, తలుపులు తిప్పి బిగించి, మెత్తలు పీకి చెక్కబల్లలు వేసి, దొరలబండిని మన థర్డుక్లాసు చేసేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

మా పాసింజరుకి పాత చెక్కబోగీలు వచ్చేవి. మొత్తం పదకొండు. ఒకరోజు ఓ ఆరు వస్తే మర్నాడు మిగతావాటిలోంచి కొన్ని కలిసి వచ్చేవి. ఏళ్ల తరబడి అవే. ఒకదాని కిటికీ మీద రేకుముక్క కొట్టి ఉండేదట, ఇంకోదాని గుమ్మం పక్క చెక్క కొత్తదట, ఏ రెండూ ఒక్కలా ఉండవట. ఆ పదకొండింటినీ ఉన్నవి ఉన్నట్టు చేసి పెట్టుకోవాలని సూరయ్య పంతం. కొలతకి ఆయన లెక్క మూరకి వేలు. అసలు బోగీ మీద మూరెడు ఉన్నది బొమ్మ మీద ఒక వేలి వెడల్పు. రైలు ఆగిన రెండు నిమిషాల్లో ఒక చేత్తో టీ అందిస్తూ రెండో మోచెయ్యి బోగీ గోడకి ఆనించి కొలిచేవాడు. రోజుకి ఒక్క కొలత. కిటికీ ఎత్తు ఒకరోజు, మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం ఇంకోరోజు. ఒక్కో బోగీకి ఏడాది పట్టింది. రైలువాళ్లకే లేని బాధ నీకెందుకురా, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని ఊరంతా అనేది.

భార్య దాలమ్మ కూడా అనేది. పట్టాలకి అవతల, స్టేషనుకి సరిగ్గా ఎదురుగా ఉన్న గోగుచేలో ఆవిడ పొద్దుటినుంచి సాయంత్రం దాకా పనిచేసేది. మధ్యాహ్నం అంబలి ముంత పట్టుకుని ఇవతలికొచ్చి, "ఆ రేకుముక్కల మీద ఉన్న పేనం నా మీద నేదు" అని ప్లాట్‌ఫారం అంతా వినేలా అని, ముంత అక్కడ పెట్టేసి మళ్లీ చేలోకి పోయేది. సూరయ్య ఆ మాటకి ఎప్పుడూ బదులు చెప్పలేదు. బదులు చెప్పేవాడయితే ఆ కాపురం వేరేలా ఉండేది.

ఇక నా సంగతి. మా నాన్న తాతలు శ్రీకూర్మంలో స్వామి సన్నిధిలో పాడినవాళ్లు. నాన్న బడిపంతులై ఈ ఊరొచ్చాడు. నా చేతికి వయొలిన్ ఇచ్చింది ఆయనే. ఆయన పోయిన రెండేళ్లకి, అరవై ఎనిమిదిలో, విజయనగరంలో సంగీతం కాలేజీవాళ్లు నా వాయిద్యం విని చేర్చుకుంటామన్నారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఇంట్లో అమ్మ. శ్రీకాకుళంలో గుమాస్తాగా చేసే అన్నయ్య చంద్రశేఖరం. అమ్మకి మోకాళ్లు లేవవు, అన్నయ్యకి సెలవు దొరకదు, విజయనగరంలో మమ్మల్ని ఉంచుకునే చుట్టం లేదు. అంటే రోజూ పొద్దున పాసింజరులో వెళ్లి సాయంత్రం పాసింజరులో రావాలి, ఒక్కదాన్నే. అక్కడ స్టేషను బయట గంగరాజు అని మాకు తెలిసిన రిక్షా ఆయన ఉన్నాడు, ఆయన ఎక్కించుకుంటే కాలేజీకి పది నిమిషాలు. అడ్డమల్లా రైలే.

ఆ అడ్డం మీదే నేనూ అన్నయ్యా సూరయ్య కొట్టు ముందు బల్ల మీద కూర్చుని పోట్లాడుకున్నాం.

"నిన్ను రైలు కింద చూడలేనే జగదీశ్వరీ" అన్నాడు అన్నయ్య.

"ఎన్నిసార్లు ఎక్కలేదు నేను?"

"నేను చెయ్యి పట్టుకుని ఎక్కించాను. నువ్వు ఎక్కావా?"

అది నిజమే కదా. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవాళ్లకి దారి తెలుస్తుంది, లాక్కుపోబడేవాళ్లకి ఏం తెలుస్తుంది నా మొహం. రైలంటే అప్పటికి నాకు ఒక పెద్ద చప్పుడు, చల్లటి ఇనుపకడ్డీ, ఎవరిదో మోచెయ్యి డొక్కలో పొడవడం, బల్ల అంచు. అంతే.

చివరికి అన్నయ్య షరతు పెట్టాడు. నెల తర్వాత తను సెలవుపెట్టి ముందురోజే విజయనగరం వెళ్లి స్టేషన్లో నిలబడతాడు. నేను ఒక్కదాన్నే వచ్చి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగాలి. తను నోరు విప్పడు. దిగితే కాలేజీ కాగితం మీద సంతకం పెడతాడు. దిగలేకపోతే ఈ మాట ఇంట్లో మళ్లీ ఎత్తకూడదు. నాన్న పోయాక ఇంటికి పెద్ద తనే, సంతకం పెట్టాల్సిందీ తనే. ఆ సంతకం లేకపోతే నేను బతికినన్నాళ్లూ అమ్మ పక్కన కూర్చుని చింతపండులో పిక్కలు తీసుకోవాలి. అన్నయ్య చెడ్డవాడు కాడు. భయస్తుడు. చెడ్డవాడితో అయితే గెలవొచ్చు.

అన్నయ్య రైలెక్కి వెళ్లిపోయాడు. నేను బల్ల మీదే ఉండిపోయాను. గ్లాసులు కడుగుతున్న చప్పుడు ఆగింది.

"అమ్మా, రైలు సూత్తావేటి?" అన్నాడు సూరయ్య.

అప్పుడు నేనున్న మంటలో ఆ మాట విని ఊరుకోగలనా. "చూడ్డానికి నాకు కళ్లున్నాయా? వేళాకోళానికి నేనే దొరికానా నీకు?" అన్నాను.

"సేతులు ఉన్నాయి కదా" అన్నాడు ఆయన, ఏమీ పట్టనట్టు. బల్లకింద పెట్టెలోంచి ఏదో తీసి నా ఒళ్లో పెట్టాడు. నా చెయ్యికంటే పొడుగ్గా ఉంది. బరువుగా ఉంది. పాతపంచె చుట్టి ఉంది. విప్పాను.

ఆ సాయంత్రం నాకు రైలు కనిపించింది. ఆ మాట తప్ప వేరే మాట రాయలేను. కిటికీలు ఎన్నో లెక్కపెట్టాను, ఒక్కో కిటికీకి కడ్డీలు లెక్కపెట్టాను. గుమ్మం కిందికి మెట్లు వేలాడుతుంటాయని, అవి బోగీ గోడకంటే బయటికి వస్తాయని తెలిసింది. రైలు పైకప్పు పల్లకీ మీద బొంగులా ఒంపు తిరిగి ఉంటుందని ఇరవై రెండేళ్లు వచ్చేదాకా నాకు ఒక్కరూ చెప్పలేదు. వాళ్లని అనడానికి లేదు. చూసేవాళ్లకి అది చెప్పాల్సిన సంగతని ఎలా తడుతుంది? నేను బోగీ ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. సూరయ్య ఓదార్చలేదు. "అది ఏడో నెంబరు. దాని మూడో కిటికీ కాడ ముక్క కొట్టుంటాది, సూడు" అన్నాడు. చూశాను. ఉంది.

మర్నాటినుంచి ఆయన తన బోగీలన్నిటినీ నాకోసం మార్చడం మొదలుపెట్టాడు. పైకప్పులు కోసి, మూతల్లా ఊడొచ్చేలా చేశాడు, నా చెయ్యి లోపలికి పోవాలని. తలుపులకి నిజం బందులు పెట్టాడు, గుండుసూదితో గడియలు చేశాడు. రేకు వెనకనుంచి మేకుతో కొట్టి నెంబరు పైకి ఉబికేలా చేశాడు, వేలితో తడిమితే తెలియాలని. అన్నీ అయ్యాక చాటెడు చింతపిక్కలు తెచ్చి బోగీ నిండా పోశాడు.

"ఇదేమిటి?" అన్నాను.

"జనం. థర్డుకిళాసు ఖాళీగా ఎప్పుడుంటాది? తోసుకుని ఎల్లు" అన్నాడు.

నెలరోజులు ఆ చింతపిక్కలని తోసుకుంటూ నా రెండు వేళ్లు గుమ్మంలోంచి ఎక్కాయి, బల్ల వెతుక్కున్నాయి, మళ్లీ లేచి గుమ్మం దాకా వచ్చాయి. మా స్టేషన్లో ప్లాట్‌ఫారం కుడిచేతి వైపు వస్తుంది, విజయనగరంలో ఎడమచేతి వైపు. అంటే ఎక్కింది ఒక పక్క గుమ్మం, దిగాల్సింది దాని ఎదురు గుమ్మం. సూరయ్య బోగీల్లో రెండు గుమ్మాలూ ఎదురుబొదురుగా ఉన్నాయి. ఎక్కిన చోటునుంచి తిన్నగా అయిదడుగులు నడిస్తే అవతలి తలుపు, దాని కుడిపక్కన గడియ. పదకొండింటిలోనూ అంతే. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఆ రోజు వచ్చింది. ఆయనే నెంబరు చెప్పాడు, "తొమ్మిది" అని. ఎక్కాను. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. గుమ్మం పక్కనే చోటు దొరికింది. చీపురుపల్లి, గరివిడి, తర్వాత గోగునార మిల్లు వాసనతో నెల్లిమర్ల. నాకు గర్వంగా ఉంది. రైలు విజయనగరంలో ఆగింది. అమ్ముకునేవాళ్ల కేకలు ఎడమవైపునుంచి వచ్చాయి. లేచి తిన్నగా అయిదడుగులు వేసి చెయ్యి చాపాను.

గోడ. తడిమాను. ఒక సన్నటి తలుపు తగిలింది. తోశాను. గప్పున కంపు కొట్టింది. మరుగుదొడ్డి. వెనక ఎవరో నవ్వారు.

అడగొచ్చు కదా అంటారు మీరు. అడిగాను. ఒకాయన "అటు" అన్నాడు. అటు అంటే ఎటు? చేత్తో చూపించి ఉంటాడు మహానుభావుడు. ఎక్కేవాళ్లు మీదపడి తోస్తున్నారు. నాకు తెలిసిన గుమ్మం ఒక్కటే, నేను ఎక్కింది. వెనక్కి తిరిగి అక్కడికే వెళ్లి, తలుపు లాగి, మెట్టు మీద కాలు పెట్టాను. రెండో మెట్టు తగిలింది. దాని కింద ఏమీ లేదు. కాలు గాల్లో ఉండగా పక్క పట్టా మీద ఇంజను కూత వినపడింది. అంతలో ఎవరో నా జడ పట్టుకుని లోపలికి ఈడ్చిపారేశారు. ఆయనెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకి నమస్కారం. ఆ మహానుభావుడు "అటు"కి కూడా, పోనీ.

రైలు కదిలిపోయింది. పై స్టేషను కోరుకొండలో నన్ను దింపి కూర్చోబెట్టారు. అన్నయ్య తర్వాతి బండిలో వచ్చాడు. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. మా స్టేషన్లో దిగేదాకా వదల్లేదు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం పాసింజరులో మా స్టేషన్లో దిగేసరికి సూరయ్య ఎదురొచ్చాడు. "ఏటయినాది?" అన్నాడు.

"నీ గుమ్మం అక్కడ లేదు" అన్నాను.

"ఉన్నాది. ఎందుకుండదు. ఇటుపక్క ఉన్నట్టే అటుపక్కా ఉంటాది" అన్నాడు.

అప్పుడు పట్టాలు దాటి దాలమ్మ వచ్చింది. నెత్తిన గడ్డిమోపు ఉందని చప్పుడుని బట్టి తెలిసింది. "అటుపక్క ఆడ గుమ్మం ఎందుకుంటాది? ఆడ దొడ్డి ఉంటాది. నీళ్లు నా గట్టు మీదే కదా కారతాయి రోజూ. గుమ్మం దానికి ఇవతల, రెండు బారలు ఎడంగా" అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతిలా.

"నీకేటి తెలుసు?" అన్నాడు సూరయ్య. "ఇరవయ్యేళ్లుగా రైలుకి టీ ఇత్తన్నాను నాను."

"ఇటుపక్క ఇత్తన్నావు. ఇరవయ్యేళ్లుగా నాను అటుపక్క ఉన్నాను" అంది దాలమ్మ. "నువ్వు ఎప్పుడైనా అటొచ్చి సూసేవా?"

సూరయ్య ఎప్పుడు చూస్తాడు? రైలున్నంతసేపూ ఆయన ఇవతల కిటికీల దగ్గరే. రైలెక్కి వెళ్లిందేమో పొందూరు దాకా, అక్కడా ఎక్కిన పక్కనే దిగడం. లోపలికి తొంగిచూస్తే జనం, జనం వెనక ఏముందో ఎవరికి కనిపిస్తుంది? బండికి ఒక పక్క ఎలా ఉంటే రెండో పక్కా అలాగే ఉంటుందని అనుకున్నాడు. అనుకోవడం కూడా కాదు, వేరేలా ఉండొచ్చని తట్టలేదు. పదకొండు బోగీలకి పదకొండు ఇటుపక్కలు వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి, రేకు తిరగేసి అటుపక్కలు కోసేశాడు.

అన్నయ్య నన్ను తీసుకుని ఇంటికి బయల్దేరాడు. సూరయ్య అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, తప్పు ఈ తల్లిది కాదు, నాది. నాను సూడకండా సేసినదాన్ని సూసినట్టు సెప్పేను. ఆయమ్మ అది నమ్మి కాలు పెట్టింది. పదిహేను రోజులు గడువియ్యండి. మళ్లీ ఒక్కసారి ఎల్తాది."

"ఇంకొంచెం అయితే చచ్చిపోయేది సూరయ్యా" అన్నాడు అన్నయ్య. నెమ్మదిగానే అన్నాడు.

"అవును బాబూ. నా సేతిలో పోయేది. అందుకే అడుగుతన్నాను" అన్నాడు సూరయ్య. పదకొండేళ్లపాటు ఊరు పిచ్చోడన్నా తలెత్తుకు తిరిగిన మనిషి, తన బోగీ మీద ఎవరైనా వంక పెడితే టీ పోయకుండా పంపేసే మనిషి, పదిమంది వింటుండగా ఆ మాటన్నాడు. అబద్ధమాడి నామీదకి తోసేసినా ఎవరూ పట్టుకోలేరు. గుడ్డిపిల్ల తడబడింది అంటే నమ్మనిదెవరు? నేనే నమ్మేదాన్ని. ఆయనకి నేను పెట్టే మొదటి దండం బోగీలకి కాదు, ఆ మాటకి.

"ఒక్కసారే" అన్నాడు అన్నయ్య చివరికి.

మర్నాడు నేను కొట్టు దగ్గరికి వెళ్లేసరికి రేకు చించుతున్న చప్పుడు. పదకొండు బోగీల అటుపక్కలూ పట్టకారుతో పీకేస్తున్నాడు. ఒక్కొక్కటీ ఏడాది పని. నేను వద్దనలేదు, ఏమని వద్దంటాను. "సగం అబద్ధం సేసి పెట్టుకున్నాను ఇన్నాళ్లూ" అన్నాడు. దాలమ్మ అక్కడే ఉంది. "అబద్ధం కాదులే. తెలీకపోడం" అంది. ఆవిడ ఆయనతో అంత మెత్తగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

ఆ పదిహేను రోజులూ రైలొచ్చే వేళకి టీకొట్టు ఖాళీ. "టీ, టీ" అని కిటికీల్లోంచి జనం అరుస్తుంటే టీవాడు పట్టాలకి అవతల గోగుచేలో పెళ్లాం పక్కన నిలబడి ఉన్నాడు. మోచెయ్యి గోడకి ఆనించి ఆయన కొలిస్తే, వేళ్లు మడిచి ఆవిడ గుర్తుపెట్టుకునేది. ఏ బోగీకి అటుపక్క గుమ్మం ఏ కిటికీ తర్వాత వస్తుందో, ఏ గుమ్మానికి గడియ ఎడమపక్క ఉంటుందో ఆవిడకి ఆయన అడక్కుండానే తెలుసు. "నాలుగోదానికి గడియ కిందికి ఉంటాది, బిగుసుకుపోతాది. జనం తన్నుకుంటారు, నాను సూత్తాను కదా" అనేది. సూరయ్య అది కూడా చేశాడు. గుండుసూది గడియని కావాలని బిగించి ఉంచాడు, నా వేలికి కష్టం తెలియాలని. పదకొండు బోగీలూ కొత్తగా నేర్చుకున్నాను. ఒక రాత్రి నిద్రలో నేను గడియ తీస్తున్నానని అమ్మ చెప్పింది.

రెండోసారి వెళ్లిన రోజు వచ్చింది ఆ నాలుగోదే. "నాలుగు" అన్నాడు సూరయ్య. అవతలినుంచి దాలమ్మ అరిచింది, "గడియ కింద" అని.

ఎక్కాను. భయపడ్డాను, దాచుకోవడమెందుకు. మొదటిసారి గర్వంతో వెళ్లాను, రెండోసారి దారి పొడుగునా ఒళ్లో వేళ్లతో గడియ తీస్తూ వెళ్లాను. గాల్లో వేలాడిన కాలు మాటిమాటికీ గుర్తొచ్చింది. నెల్లిమర్ల వాసన రాగానే లేచి నిలబడ్డాను. దొడ్డి గోడ చేత్తో తడుముతూ దాటాను. రెండు బారలు. ఒక ముసలమ్మ మూట, ఎవరివో కాళ్లు, ఒక కోడి. చింతపిక్కలకి కోళ్లు ఉండవు, అది ఒక్కటే తేడా. రైలు ఆగింది. కేకలు సరిగ్గా నా ముఖం ముందు మొదలయ్యాయి.

ఎడమచెయ్యి కిందికి పోనిచ్చాను. గడియ అక్కడే ఉంది. బిగుసుకుపోయి ఉంది. బొమ్మ మీద ఎలా లాగానో అలాగే, ముందు పైకెత్తి, తర్వాత పక్కకి. వచ్చింది. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి ఒక అడుగు వెనక్కి వేశాను. మెట్టు, దాని కింద ప్లాట్‌ఫారం, గట్టిగా, కదలకుండా. రెండు కాళ్లూ ఆనించి నిలబడ్డాను.

"అన్నయ్యా, ఉన్నావా?" అన్నాను.

నోరు విప్పనన్న మాట మీద ఉన్నాడు. కానీ మూడడుగుల దూరంలో ఎవరో ముక్కు ఎగబీల్చారు, ఆ ముక్కు నాకు పుట్టినప్పటినుంచి తెలుసు. నేను ఆగలేదు. చేతికర్ర తట్టుకుంటూ జనం నడిచే వైపు నడిచాను. రిక్షా దగ్గర గంగరాజు పిలుపు వినిపించాక వెనకనుంచి అన్నయ్య అన్నాడు, "సంతకం పెడతానే, కాగితం ఇవ్వు."

ఆ తర్వాత నేను ఎన్నేళ్లు ఆ రైలెక్కానో, ఎన్ని కచేరీలు చేశానో, నా దగ్గర ఎందరు నేర్చుకున్నారో అవన్నీ వేరే. సంగీతం చెప్పి నా తిండి నేను తింటున్నాను. అమ్మ చివరిదాకా నా దగ్గరే ఉంది. నాకు విద్య ఇచ్చిన నాన్న ఉన్నాడు, గురువులున్నారు, వాళ్లకి ఏ సభలో అయినా దండం పెట్టాకే వయొలిన్ కమాను ఎత్తుతాను. కానీ విద్య ఉన్న చోటికి వెళ్లడానికి తలుపు గడియ ఎక్కడుందో చెప్పినవాళ్లు ఇద్దరే. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. ఈ మాట వాళ్లుండగా రాసి వినిపించాల్సింది. నా బద్ధకం.

ఆ రోజు సాయంత్రం చెప్పి ఆపేస్తాను.

పాసింజరు మా స్టేషన్లో ఆగింది. గుమ్మం తెరుచుకుని దిగాను. ఎవరూ పలకరించలేదు. అడగడానికి భయపడుతున్నారని అర్థమైంది. సూరయ్య నా ఎదుటే ఉన్నాడు, పొగవాసన తెలుస్తోంది. దాలమ్మ కూడా చేలోంచి ఇవతలికి వచ్చేసింది, గాజుల చప్పుడు అయింది. రైలు వెళ్లిపోయేదాకా ముగ్గురం అలాగే నిలబడ్డాం.

"గడియ ఏ సేతికి తగిలింది?" అన్నాడు సూరయ్య చివరికి. దిగేవా అని కాదు, సంతకం పెట్టేడా అని కాదు.

ఊళ్లో చిన్నా పెద్దా ఆయన్ని పేరు పెట్టే పిలిచేవారు. నేనూ అంతే. ఆ సాయంత్రం నా నోటికి ఆ పేరు రాలేదు.

"ఎడమచేతికి మావా. నువ్వు పెట్టిన చోటే ఉంది" అన్నాను.

ఆయన కొట్టు దగ్గరికి నడిచి నాకు టీ పొయ్యడం మొదలుపెట్టాడు. గ్లాసు నిండింది, నిండి పొర్లింది, బల్ల మీదినుంచి కింద బండల మీదకి టపటపా కారుతోంది, ఆయన పోస్తూనే ఉన్నాడు. దాలమ్మ వెళ్లి ఆయన చేతిలోంచి కెటిల్ తీసుకుంది.